క్లాత్ హాల్ గంట

శుక్రవారం పొద్దున, మాంచెస్టర్‌లో టోపీల షాపు మీద ఉన్న డిటెక్టివ్ మిస్ ఆర్మరాడ్ గారి ఆఫీసుకి ఒక ముసలాయన వచ్చాడు. ఆదివారం చాపెల్‌కి వేసుకునే నల్లకోటు వేసుకున్నాడు. టోపీ రెండు చేతుల్లో పెట్టుకుని నలిపేస్తున్నాడు. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే గది అదిరేలా అరిచాడు.

"నా గంట పోయిందమ్మా!"

మిస్ ఆర్మరాడ్ అసిస్టెంట్ విల్ఫ్ ఉలిక్కిపడి సిరా ఒలకబోసుకున్నాడు. విల్ఫ్ నెమ్మదైన మనిషి. ప్రపంచంలో తనకి అర్థం కానివన్నీ మిస్ ఆర్మరాడ్‌కి అర్థమవుతాయని అతని గట్టి నమ్మకం. అతనూ అంత గట్టిగానే, "కూర్చోండి, తాతా!" అని కేకేశాడు.

"అరవకు విల్ఫ్. ఈయన మాట వినడు, మాటని చూస్తాడు," అంది మిస్ ఆర్మరాడ్. ఆవిడ యాభై దాటిన సన్నటి మనిషి, నేతగత్తె కూతురు. కుర్చీ ముందుకు లాక్కుని, పెదాలు బాగా కదిలేలా మెల్లగా మాట్లాడింది. మరమగ్గాల దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డ వాళ్ళకి చెవులు మిగలవు. అక్కడ అందరూ పెదాల మీదే మాటలు ఏరుకుంటారు. మా నేతమిల్లుల ఊరు ఆల్డర్‌షాలో అది వింతా కాదు, రోగమూ కాదు.

ముసలాయన మొహంలో భయం కాస్త సడలింది. పేరు ఈనాక్ క్రాబ్‌ట్రీ. నేతపని మానాక ఆల్డర్‌షా క్లాత్ హాల్‌కి కాపలాదారు అయ్యాడు. వెనకటి రోజుల్లో చుట్టుపక్కల కొండల నుంచి నేతగాళ్ళు తానులు భుజాన వేసుకొచ్చి అమ్ముకున్న హాలు అది. సంత ఎప్పుడో పోయింది, గంట మాత్రం మిగిలింది. ప్రతి శనివారం మధ్యాహ్నం మిల్లులు వదిలే వేళకి ఈనాక్ దాన్ని మోగిస్తాడు.

"మొన్న శనివారం కూడా లాగానమ్మా. వేక్స్ సెలవులు మొదలు కదా, మిల్లులన్నీ వారం మూత, ఊరంతా సముద్రం చూడ్డానికి బ్లాక్‌పూల్ రైలెక్కడానికి పోయింది. ఎప్పట్లాగే నేనే జెండా పట్టుకుని ముందు నడిచి స్టేషన్ దాకా దిగబెట్టా. తిరిగొచ్చి తలెత్తి చూస్తే... కమానులో ఆకాశం ఉంది. గంట లేదు."

"గంట దగ్గరికెక్కే మెట్ల తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"మా వంటింట్లో మేకుకి. అందుకే అందరూ నన్నే అంటున్నారు. హాలు కమిటీ పెద్ద ఎంట్‌విజిల్ ఉన్నాడు చూడు, వాడికి నేనంటే మొదట్నుంచీ పడదు. చెవిటాడికి గంట పనేంటని వాడి గోల. ఆదివారం మధ్యాహ్నానికి రేడియో వాళ్ళొస్తారు, మా గంట మోత దేశమంతా వినిపిస్తారట. అప్పటికి గంట దొరక్కపోతే తాళాలిచ్చి గదులు ఖాళీ చెయ్యమన్నాడు."

"చేస్తే ఎక్కడికి వెళ్తారు?"

ఈనాక్ టోపీ వంక చూసుకున్నాడు. "ఎక్కడికి? ముసలాళ్ళ ఆశ్రమానికి. అక్కడ ఆడాళ్ళొక వైపు, మగాళ్ళొక వైపు. మధ్యలో గోడ. నేనూ హెస్టరూ పెళ్ళయినకాడ్నుంచి ఒక్క రాత్రి కూడా వేరుగా పడుకోలేదమ్మా." టోపీ తిరగేసి పట్టుకున్నాడు. "శనివారం నుంచి ఆవిడ సరిగ్గా తినట్లేదు. నువ్వు దొంగని పట్టుకోకపోయినా నాకు పర్లేదు. గంట తెచ్చిపెట్టు తల్లీ, అంతే."

"మోత ఎలా ఉంటుంది మీ గంటది?"

ఈనాక్ సమాధానం చెప్పేముందు తన కుడి అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"బరువుగా ఉండేది," అన్నాడు.

చెవిటాయన్ని అలాంటి ప్రశ్న అడగడం ఏం బాగుంటుందని విల్ఫ్ మనసులో నొచ్చుకున్నాడు. మిస్ ఆర్మరాడ్ మాత్రం ఆ అరచేతి వైపే ఒక క్షణం చూసి, గొడుగు అందుకుంది.

*

వేక్స్ సెలవుల్లో మా ఊరు చూడని వాళ్ళకి మా ఊరు తెలియదనే అంటాను. ఏడాదంతా పొగ కింద నలిగే ఊరు ఆ వారం కళ్ళు నులుముకుని లేస్తుంది. పొగగొట్టాలు ఏం చెయ్యాలో తోచనట్టు ఊరికే నిలబడి ఉంటాయి. వీధి చివర ఎప్పుడూ కనపడని కొండలు ఎవరూ చూడకుండా నడిచొచ్చి దగ్గర్లో కూర్చున్నట్టుంటాయి. టౌన్ హాల్ గడియారం టిక్కుమనడం కింద బజారులోకి వినిపిస్తుంది. మనిషి నడిస్తే వాడి అడుగుల చప్పుడు వాడికంటే ముందు మలుపు తిరుగుతుంది.

అన్నిటికీ మించి ఆ దుప్పట్లు. సముద్రానికి పోలేని ఆడవాళ్ళందరూ ఆ వారమే ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డ ముక్కనీ ఉతికి పారేస్తారు. మసి పడకుండా తెల్లబట్ట తెల్లగానే ఆరేది ఏడాదిలో ఆ ఒక్క వారమే మరి! ఇంటికీ ఇంటికీ మధ్య తీగలు, తీగల నిండా దుప్పట్లు, కర్టెన్లు, పిల్లల చొక్కాలు. స్టేషన్ దిగి వాటి కింద నడుస్తుంటే విల్ఫ్‌కి నిద్రలో నడుస్తున్నట్టే అనిపించింది. ఒక దుప్పటి తడి అంచు అతని చెంపకి తగిలింది. మిస్ ఆర్మరాడ్ కూడా మాట్లాడకుండా, తల పైకెత్తుకుని నడిచింది.

క్లాత్ హాల్ గేటు దాటితే విశాలమైన ముంగిలి, నాలుగు పక్కలా రెండంతస్తుల రాతి వసారాలు. మసికి రాళ్ళన్నీ నల్లగా మెరుస్తాయి. గేటు మీద చిన్న రాతి కమాను, దానిలోంచి నీలం ఆకాశం. కమాను పక్కనే గోడకి పాతకాలపు కప్పీ ఒకటి వేలాడుతోంది, బట్టల మూటలు పైకీ కిందకీ చేర్చడానికి. దాని కింద, చక్రాల బల్ల. ఆ పక్కనే చాకిరేవు గది, గేటుని ఆనుకుని ఈనాక్ దంపతుల రెండు గదులు.

గుమ్మంలోనే మిస్ ఆర్మరాడ్ కాలివేలు దేనికో గట్టిగా తగిలింది. తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన బొమ్మ అది. ఎర్ర ఉన్నితో లంగా, జాకెట్టు అల్లి తొడిగారు. మొహానికి రెండు గుండీలు కళ్ళు.

"అయ్యో, తగిలిందా అమ్మా? ఎప్పుడూ కాళ్ళకడ్డమే అది," అంటూ ఒక బక్కపల్చని ముసలావిడ వచ్చి దాన్ని ప్రయాసపడి పక్కకి జరిపింది. ఈవిడే హెస్టర్. జీవితమంతా ఇంట్లో కూర్చుని కుట్టుపని చేసిందే కాని మిల్లులో అడుగుపెట్టలేదు. చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. కళ్ళు మాత్రం ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

టీ పోసింది, ఆలుగడ్డ కూరిన 'పై' రొట్టె ముక్కలు పెట్టింది. తను ముట్టుకోలేదు.

"ఏమే, నువ్వూ తిను," అన్నాడు ఈనాక్.

"తింటాలే. నా మొహం చూడ్డం మాని నువ్వు తిను ముందు."

మిస్ ఆర్మరాడ్ మసితో బూడిదరంగు తేలిన కిటికీ కర్టెన్ల వంక చూసింది. "మీరు బట్టలు ఉతుక్కోలేదా ఈ వారం?"

హెస్టర్ కప్పు పక్కకి జరిపింది. "బట్టల తొట్టికి చిల్లు పడిందమ్మా. అయినా ఈ గొడవలో ఉతుకుడెక్కడ?"

బయటికి వస్తూ మిస్ ఆర్మరాడ్ చాకిరేవు గదిలోకి తొంగి చూసింది. రేకు తొట్టి మూత పెట్టి ఉంది. మూత మీద జెరేనియం పూలకుండీ. ఆవిడ పూలని మెచ్చుకుని ఊరుకుంది.

*

ఆ మధ్యాహ్నం ముగ్గురితో మాట్లాడారు.

మొదట కమిటీ పెద్ద జేబెజ్ ఎంట్‌విజిల్. ఒకప్పుడు ఈనాక్ పక్క మగ్గం మీదే పనిచేసిన మనిషి, ఇప్పుడు గొలుసు గడియారం, పొట్ట, పదవి వచ్చాయి. ఈయనకీ చెవులు అంతంత మాత్రమే. కాని ఆ సంగతి ఎవరైనా అంటే ఒప్పుకోడు.

"ఏముందమ్మా ఇందులో డిటెక్టివ్ పని? తాళంచెవి ఎవడిదో దొంగతనం వాడిది. పాత ఇనప సామాన్ల వాడికి అమ్మేసుంటాడు."

"పోయిన శనివారం గంట మోగింది కదండీ?"

"ఎందుకు మోగలేదు? మా గుమ్మంలో నిలబడి విన్నా. ఎద్దు రంకేసినట్టు ఉంటుంది దాని గొంతు! మా నాన్న చచ్చిపోయేటప్పుడు కూడా ఆ గంటే వినాలన్నాడు. ఏటా దాని మీద నేనే ఉపన్యాసం ఇస్తాను తెలుసా?"

తరవాత, గేటు ఎదురింట్లో ఉండే ఏడా పిల్లింగ్. భర్త పోయిన నేతగత్తె. నోటినిండా బట్టల క్లిప్పులు పెట్టుకుని దుప్పట్లు ఆరేస్తోంది. క్లిప్పులున్నా మాటలకేం లోటు లేదు.

"ఈనాకా దొంగ? ఆ ఎంట్‌విజిల్‌కి బుర్ర ఉండాల్సిన చోట గోధుమపిండి ఉంది! గంటా? విన్నాను, ఎందుకు వినను? ఇదిగో ఇక్కడ్నుంచే. అటూ ఇటూ, అటూ ఇటూ, ఎంత ముచ్చటగా ఊగిందో! సన్నగా, పెళ్ళికూతురు పాడినట్టుంటుంది."

"ఊగుతుంటే మీ కాళ్ళకి ఏమైనా తెలుస్తుందా, అదురు?"

"మిల్లు సైరన్ల కూతలకే నేలంతా అదురుతుంటుంది కదమ్మా ఆ టైముకి. గంట అదురు వేరేగా ఏం తెలుస్తుంది?"

చివరగా రూపర్ట్ హోల్డెన్. ఊళ్ళో పెద్ద మిల్లు ఆయనదే. క్లాత్ హాల్ కూలగొట్టి మోటారు బళ్ళ గ్యారేజీ కట్టాలని ఆయన ఎప్పట్నుంచో కాచుకుని కూర్చున్నాడు. విల్ఫ్ ఈయన్ని చూడగానే దొంగ దొరికాడనుకున్నాడు. మీసం కూడా దొంగ మీసంలాగే ఉంది.

"గంట లేకపోతే ఆ హాలు వట్టి రాళ్ళ గుట్ట. కమిటీ నాకు అమ్మేస్తుంది. అది నాకు లాభమే, కాదనను," అన్నాడు ఆయన సిగరెట్ వెలిగిస్తూ. "కాని నేను దొంగిలించలేదు. శనివారం పన్నెండుకి నా మిల్లులోనే ఉన్నాను."

"గంట విన్నారా?"

హోల్డెన్ నవ్వాడు. "నిజం చెప్పనా? పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు. సరిగ్గా పన్నెండుకి నా మిల్లు కూస్తుంది. నాది కూస్తే ఊళ్ళో అన్నీ కూస్తాయి. ఆ గోలలో గంట కాదు కదా, ఫిరంగి పేలినా తెలీదు. అందరూ విన్నామంటారు కదా అని నేనూ తలూపేవాణ్ణి."

వీధిలోకొచ్చాక విల్ఫ్ ఉండబట్టలేక, "వీడేనండీ! వీడొక్కడే గంట వినలేదన్నాడు," అన్నాడు.

"అవును, వాడొక్కడే నిజం చెప్పాడు," అంది మిస్ ఆర్మరాడ్.

*

శనివారం ఆవిడ ఏ పనీ చెయ్యలేదు. హాలు మెట్ల మీద కూర్చుని ఎదురు వీధిలో దుప్పట్లు ఎగరడం చూస్తూ ఉండిపోయింది. దుప్పట్లు గాలి పోసుకుని ఉబ్బి, మళ్ళీ ఊపిరి వదిలినట్టు జారేవి. టౌన్ హాల్ గడియారం పన్నెండు కొట్టింది. ఏ మిల్లూ కూయలేదు. ఈనాక్ అలవాటు కొద్దీ ముంగిట్లోకొచ్చి, కమాను కిందకి వేలాడే తాడు దగ్గర నిలబడ్డాడు. దాన్ని పట్టుకుని, లాగకుండా, వదిలేశాడు. వంటింటి కిటికీలోంచి హెస్టర్ అది చూసి పక్కకి తప్పుకుంది.

విల్ఫ్ వచ్చి ఆవిడ కింది మెట్టు మీద కూర్చున్నాడు. "రేపే కదండీ గడువు. మనం ఇలా కూర్చుంటే ఎలా?"

"కూర్చుంటేనే తెలుస్తోంది విల్ఫ్. ఊరంతా ఏ ఇంట్లో చూసినా తెల్లగా ఉంది. నల్లగా ఉన్నవి ఒక్క ఇంటి కర్టెన్లే." ఆవిడ లేచి బట్టలు దులుపుకుని ఈనాక్ దగ్గరికి నడిచింది. "తాతగారూ, మీ పాత మగ్గం తోలు పట్టీ ఏదైనా ఉందా? నాడెని విసిరే కర్రకి కడతారే, అది."

ఎందుకని ఈనాక్ అడగలేదు. కోటు లోపలి జేబులోంచి మడిచి పెట్టుకున్న తోలు పట్టీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. కొవ్వు పూసి పూసి మెత్తబడింది. జానెడు పొడవున కోసి, రెండు చివర్లా కన్నాలు పొడిచి ఉంది.

"అలాగే ఉంచారే, సిద్ధంగా?" అంది మిస్ ఆర్మరాడ్, పెదాలతో మాత్రమే.

"ముసలాడి చాదస్తం," అని ఈనాక్ మొహం తిప్పుకున్నాడు.

*

ఆదివారం పొద్దున ఈనాక్ చాపెల్‌కి వెళ్ళగానే మిస్ ఆర్మరాడ్ మిగతా వాళ్ళని ముంగిట్లోకి పిలిపించింది. చాపెల్ ఎగ్గొట్టాల్సి వచ్చిందని ఎంట్‌విజిల్ మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. హోల్డెన్ వినోదం చూడ్డానికి వచ్చినట్టు వసారా స్తంభానికి ఆనుకున్నాడు. ఏడా క్లిప్పుల సంచీతోనే వచ్చేసింది. హెస్టర్ తన గుమ్మంలో ఎర్ర లంగా బొమ్మ పక్కన నిలబడింది, చేతులు ఏప్రన్‌లో దాచుకుని. రేడియో వాళ్ళు బండి దిగి గేటు బయట తీగలు పరుస్తున్నారు.

"గంట పోయిన సంగతి తరవాత," అని మొదలుపెట్టింది మిస్ ఆర్మరాడ్. "మోత పోయిన సంగతి ముందు. మీ గంట మూగబోయి ఏళ్ళు గడిచాయని నా అంచనా."

"ఏం మాటలమ్మా అవి! మొన్న శనివారం నా చెవులారా విన్నాను!" అన్నాడు ఎంట్‌విజిల్.

"మీరు విన్నది ఎద్దు రంకె. ఏడా గారు విన్నది పెళ్ళికూతురి పాట. ఒకే గంటకి రెండు గొంతులు ఎలా వచ్చాయి? మీ ఊళ్ళో సగం మందికి చెవుల్లేవు. మాట అయినా గంట అయినా మీరు కంటితోనే వింటారు. పైన అది ఊగుతుంటే చాలు, మోగినట్టే. చెవులున్న మిగతా సగం మందికి పన్నెండు కాగానే మిల్లు కూతలు. పెదాలు కదలకపోతే మాట ఆగిందని మీకు వెంటనే తెలుస్తుంది. కాని గంట ఊగుతూనే ఉంది. అందుకే ఎవరికీ తెలియలేదు. ఈ మాట ఒప్పుకున్నది హోల్డెన్ గారొక్కరే, అదీ తన లాభం చూసుకునే మనిషి కాబట్టి."

హోల్డెన్ టోపీ కాస్త పైకెత్తి వందనం చేశాడు. ఏడా తలెత్తి కమాను వంక చూసింది.

"గంట ఊగినా మోగలేదంటే లోపల కొట్టే ఇనప నాలుక లేదన్నమాట. దాన్ని గంటకి కట్టేది తోలు పట్టీ. తోలు పుచ్చిపోతుంది. నాలుక ఎక్కడో పడి ఉండాలి. విల్ఫ్, ఆ బొమ్మ లంగా విప్పు."

విల్ఫ్ సిగ్గుపడుతూనే గుమ్మం దగ్గర కూర్చుని ఎర్ర ఉన్ని తొడుగు లాగాడు. లోపల నల్లటి ఇనప ముద్ద, పైన కన్నం ఉన్న కాడ. గంట నాలుక.

హెస్టర్ గడప మీద కూర్చుంది.

"ఊరంతా ఉతికే వారంలో ఒక్క ఇంటి తీగ మీదే బట్ట లేదు," మిస్ ఆర్మరాడ్ గొంతు మెత్తబడింది. "తొట్టి ఖాళీ లేదు కాబట్టి. చిల్లు పడ్డ తొట్టికి మూత ఎవరు పెడతారు, మూత మీద కుండీ ఎవరు పెడతారు? శనివారం ఈనాక్ జెండా పట్టుకుని స్టేషన్‌కి నడిచేటప్పుడు ఊరంతా ఆయన వెనకే ఉంది. తొట్టిని చక్రాల బల్ల మీద పెట్టి కప్పీ కింద నిలిపి, గంటని కప్పీ తాడుకి కట్టి మెల్లగా వదిలితే తిన్నగా దానిలోకే దిగుతుంది. బల్ల తోసుకుని చాకిరేవు గదిలోకి వెళ్ళిపోవడమే. గంట ఈ హాలు గడప దాటనే లేదు. కాబట్టి దొంగతనమూ జరగలేదు. ఎందుకు దాచారో మీరే చెప్తారా హెస్టర్ గారూ?"

హెస్టర్ ఆ ఎర్ర లంగా ఒళ్ళోకి తీసుకుంది.

"ఆరేళ్ళ కిందట ఆయనకి న్యుమోనియా వచ్చింది, మంచం మీదున్నాడు. ఆ శనివారం తాడు నేను లాగాను. ధబ్బున నా కాళ్ళ దగ్గరే పడింది ఇది. అప్పటికే ఈ ఎంట్‌విజిల్ బాబు చెవిటాడు గంటేం చూసుకుంటాడని అంటున్నాడు. బాగుచేయించమని అడిగితే ఇదే సాకని ఆయన్ని తీసేస్తారని భయమేసింది. వచ్చే వారం ఎలాగో కట్టిద్దాం అనుకున్నా. ఆ వారం ఎవరూ ఏమీ అనలేదు. ఆ పై వారమూ అనలేదు. జబ్బు తగ్గాక ఆయనొచ్చి తాడు లాగి, నా మొహంలోకి చూశాడు. ఎప్పుడూ అంతే, తనకి వినపడదు కదా, ఎలా మోగిందీ అని నన్నడుగుతాడు. బాగా మోగిందయ్యా అన్నాను." కళ్ళు ఒత్తుకుంది. "మెట్లు ఎక్కితే నీకు ఆయాసం, పైన నూనె నేనేస్తాలే అని ఆయన్ని ఎక్కనివ్వలేదు. ఇప్పుడు రేడియో అన్నారు. ఆ యంత్రానికి చెవులున్నాయి. ఇన్నేళ్ళూ వట్టి గాలిని మోగించానని తెలిస్తే ఆయన తల ఎత్తుకోగలడా? అసలు గంటే లేకపోతే ఎవరూ వినక్కర్లేదనుకున్నా. తప్పు ఆయన మీదకి వస్తుందని తోచలేదు. నేనే తీశానని చెబ్దామని రోజూ నోటిదాకా వచ్చేది. ఎందుకు తీశావని అడుగుతాడుగా, ఏం చెప్పను? పోలీసులకి పట్టివ్వండి, కాని ఆయనకి మాత్రం చెప్పకండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఎంట్‌విజిల్ మొహం కందిపోయింది. "ఆరేళ్ళు! ఊరందర్నీ ఆరేళ్ళు మోసం చేశారు మొగుడూ పెళ్ళాం! ఇది కమిటీలో పెట్టి..."

"తప్పకుండా పెట్టండి," అంది మిస్ ఆర్మరాడ్. "ఆ మూగ గంట గొంతు గురించి ఏటా ఉపన్యాసం ఇచ్చింది ఎవరని కూడా అడుగుతారు. ఎద్దు రంకె సంగతి రేడియో వాళ్ళకి నేను చెప్పనా, మీరే చెప్తారా?"

ఎంట్‌విజిల్ గొలుసు గడియారం తీసి చూసుకున్నాడు. ఏడా పకపకా నవ్వింది. అది చూసి హోల్డెన్ కూడా నవ్వేశాడు.

"గ్యారేజీకి ఇంకో చోటు చూసుకుంటాను లెండి," అంటూ ఆయన కోటు విప్పి స్తంభానికి తగిలించాడు. "ఆ కప్పీ నేను లాగుతాను. ముసలాయన చాపెల్ నుంచి వచ్చేలోపు పైకెక్కించాలి కదా?"

జెరేనియం కుండీ దింపారు. మూత తీస్తే గంట తొట్టిలో బోర్లా పడుకుని ఉంది, కింద పాత దుప్పటి పరిచి. గట్టు మీద పెట్టి, ఈనాక్ ఇచ్చిన పట్టీతో విల్ఫ్ నాలుక కట్టాడు. కన్నాలు ఎక్కడా సవరించాల్సిన పని రాలేదు. కొలిచి పొడిచినట్టు సరిపోయాయి. విల్ఫ్ ఆశ్చర్యపోయి తలెత్తాడు. మిస్ ఆర్మరాడ్ ఊరుకోమన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది.

*

ఈనాక్ గేటులోకి వచ్చేసరికి గంట కమానులో ఉంది. ఆయన ఆగిపోయి చాలాసేపు పైకి చూశాడు. ఎంట్‌విజిల్ దగ్గరికొచ్చి, పెదాలు బాగా కదిపి, "దొరికింది ఈనాక్. హాల్లోనే ఉంది. నాదే తొందరపాటు," అన్నాడు. ఆయన జీవితంలో ఎవరికైనా అలా చెప్పడం అదే మొదలనుకుంటాను.

ఎక్కడ దొరికింది, ఎవరు తీశారు అని ఈనాక్ అడగలేదు. తాడు దగ్గరికి నడిచాడు. రేడియో మనిషి చెయ్యెత్తి, టౌన్ హాల్ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఊళ్ళో ఎక్కడా ఒక్క చప్పుడు లేదు. తీగల మీద దుప్పట్లు కూడా కదలడం మానేశాయి.

చెయ్యి దిగింది. ఈనాక్ తాడు లాగాడు.

ఎద్దు రంకె కాదు, పెళ్ళికూతురి పాటా కాదు. తేటగా, కాస్త బొంగురుగా, పొద్దున్నే లేచిన మనిషి మొదటి మాటలా ఉంది. పొగ లేని గాలిలో ఖాళీ వీధులన్నీ తిరిగి, కొండలకి తగిలి, మళ్ళీ ముంగిట్లోకి వచ్చింది. విల్ఫ్‌కి ఒళ్ళంతా పులకరించింది. హోల్డెన్ సిగరెట్ వేళ్ళ మధ్యే ఆరిపోయింది. ఏడా పైకే చూస్తూ, "అదిగో, మోగుతోంది!" అంది, ఎప్పట్లాగే.

రేడియో మనిషి చాలన్నట్టు చెయ్యి ఊపాక ఈనాక్ తాడు వదిలాడు. పెళ్ళాం వైపు తిరిగాడు. హెస్టర్ ఏడుస్తోంది, నవ్వుతోంది. దగ్గరికొచ్చి, ఆయన మొహానికెదురుగా నిలబడి, ప్రతి శనివారం చెప్పే మాటే చెప్పింది.

"బాగా మోగిందయ్యా."

"తెలుసే," అన్నాడు ఈనాక్. ఎప్పుడూ అరిచే మనిషి ఆ ఒక్కసారి గొంతు తగ్గించాడు. కుడి అరచెయ్యి తెరిచి ఆవిడకి చూపించాడు. "లోపల నాలుక కొడితే తాడులో దెబ్బ తెలుస్తుంది. జబ్బు చేసి లేచినకాడ్నుంచి ఆ దెబ్బ లేదు."

హెస్టర్ చేయి నోటి మీదకి పోయింది. "తెలుసా? మరి ఇన్నేళ్ళూ ఎందుకడిగావయ్యా, ఎలా మోగిందని?"

"నువ్వు చెప్పేటప్పుడు నీ మొహం చూద్దామని," అన్నాడు ఈనాక్.

మిస్ ఆర్మరాడ్ అప్పటికే గొడుగు తీసుకుని గేటు వైపు తిరిగింది. విల్ఫ్‌ని కూడా మోచేతితో పొడిచి తిప్పింది. ఇద్దరూ దుప్పట్ల కింద నుంచి స్టేషన్‌కి నడిచారు. చాలా ఏళ్ళ తరవాత, ఆ ముసలివాళ్ళిద్దరూ ఆ రెండు గదుల్లోనే ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక, విల్ఫ్ నాకు ఇదంతా చెప్పాడు. ఆ మర్నాడు సోమవారం, మిల్లుల పొగ లేవకముందే హెస్టర్ తొట్టి కడిగి కర్టెన్లు ఉతికిందని మాత్రం నాకు ముందే తెలుసు. ఊళ్ళో అందరం చూశాం, క్లాత్ హాల్ ముంగిట్లో కొసనుంచి కొసకి తెల్లగా ఆరేసి ఉన్నాయి.